గానుగ దుకాణంలో పప్పు, నూనె: దేనిలో ఏముంది?

మా వీధి చివర ఉన్న గానుగ నూనె దుకాణంలో నాలుగు నెలలుగా వేరుసెనగ నూనె, పప్పు రెండూ కొంటున్నాను. సరుకు నాణ్యమైనదే. అయితే "మా నూనెలో మాంసకృత్తులు పుష్కలం" అని ఆ దుకాణం గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిన మాట నిజం కాదు కాబట్టి, పిల్లలకు బలం వస్తుందని నమ్మి కూరలో ఇంకో గరిటె నూనె పోసేవారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను.

వేరుసెనగ చిక్కుడు కుటుంబానికి చెందిన పంట. వంద గ్రాముల పచ్చి పప్పులో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు, 40 నుంచి 50 గ్రాముల కొవ్వు, 8 నుంచి 10 గ్రాముల పీచు ఉంటాయి. మెగ్నీషియం, ఫోలేట్ కూడా చెప్పుకోదగినంత దొరుకుతాయి. అదే గింజ నుంచి తీసిన వంద గ్రాముల నూనెలో ఉన్నదంతా కొవ్వే, దాదాపు 900 కిలోకాలరీల శక్తి. మాంసకృత్తులు, పీచు లేనట్టే. విటమిన్ ఇ మాత్రం కొవ్వులో కరిగే గుణం వల్ల నూనెలోకి వస్తుంది.

మరి తక్కినదంతా ఎటు పోయింది? గానుగ పక్కనే నిలబడి చూస్తే తెలుస్తుంది. రోకలి తిరుగుతున్నకొద్దీ నూనె సన్నని ధారగా కింది డబ్బాలోకి దిగుతుంది, రోలు అంచున నూనె పోగా మిగిలిన గోధుమరంగు పిప్పి, అంటే చెక్క, గట్టిపడి పెళ్లలుగా ఊడివస్తుంది. లీటరు నూనెకు సుమారు రెండున్నర కిలోల పప్పు పడుతుందనుకుంటే, అందులోని ఆరు వందల గ్రాములకు పైబడిన మాంసకృత్తులు ఆ చెక్కలోనే మిగిలిపోతాయి. దానిని గేదెల దాణాకు కొనుక్కుపోతారు. ఈ సంగతి యజమాని దగ్గర ప్రస్తావిస్తే, "గింజలో సారమంతా నూనెలోకే దిగుతుంది కదండీ" అన్నారు. ఆయన నమ్మిన మాటే చెప్పారు గాని, కొనేవారికి అది నష్టమే.

అదే దుకాణంలో అలసందలు కూడా అమ్ముతారు. వాటిలోనూ వందకు 20 గ్రాములకు మించి మాంసకృత్తులు ఉంటాయి, కొవ్వు మాత్రం రెండు గ్రాముల లోపే. బలం కోసం వచ్చినవారు ముందుగా చూడవలసిన బస్తా అది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల ప్రకారం, రోజుకు 2000 కిలోకాలరీల భోజనంలో నూనెలు, కొవ్వులు కలిపి 27 గ్రాములు, పప్పుధాన్యాలు 85 గ్రాములు ఉండాలి. 27 గ్రాములంటే రెండు పెద్ద చెంచాలు. గానుగ నూనె అయినా ఈ లెక్క మారదు, ఎందుకంటే కాలరీల విషయంలో దానికీ రిఫైన్డ్ నూనెకూ తేడా లేదు.

ఇక రుచి విషయంలో వంక పెట్టడానికి లేదు. తాలింపు వేయగానే పప్పు వేయించిన కమ్మని వాసన వంటిల్లంతా పరుచుకుంటుంది. గానుగ నూనెను శుద్ధి చేయరు కనుక బూజు పట్టిన గింజ కలిస్తే అఫ్లాటాక్సిన్ అనే విషం నూనెలోకి వచ్చే ప్రమాదం ఉంది. ఇక్కడ మాత్రం ముడుచుకుపోయిన, నల్లబడిన గింజలను చేటలో ఏరివేయడం స్వయంగా చూశాను. నెలకు లీటరున్నర తెచ్చుకునే మా ఇంట్లో ఇప్పుడు లీటరే తెచ్చి, మిగిలిన డబ్బుతో పప్పూ అలసందలూ తెచ్చుకుంటున్నాం.