జిమ్ రీవ్స్ క్యాసెట్: 38 ఏళ్ల వాడకం తర్వాత

స్పీకరు కొని వారం తిరక్కుండానే ఐదు చుక్కలు ఇచ్చేస్తున్నారు జనం. నేను రాసేది 1987లో మా ఇంటికొచ్చిన ఒక క్యాసెట్ గురించి, దాని వెనకాలే వచ్చి చేరిన ఓ రెండొందల పాటల గురించి. రాక్, కంట్రీ (అమెరికా పల్లెల నుంచి వచ్చిన పాటల బాణీ), క్రైస్తవ పాటలు అన్నీ కలగాపులగంగా ఇప్పుడు కారులో ఒకే పెన్‌డ్రైవ్‌లో ఉంటాయి. ఏవి అరిగిపోయాయో, ఏవి నిలబడ్డాయో చెప్పేంత కాలమైతే విన్నాను.

నాన్న విశాఖ పోర్టులో గుమాస్తా. ఓడలోంచి దిగే బస్తాల లెక్క రాసుకోవడం ఆయన పని. ఎవరో విదేశీ సెయిలర్ వెళ్తూ వెళ్తూ ఆయన చేతిలో జిమ్ రీవ్స్ అనే అమెరికా కంట్రీ గాయకుడి క్యాసెట్ పెట్టాడట. మా ఇల్లు పాత ఊళ్లో, రాస్ హిల్ కింద. పక్కపక్కనే మూడు కొండల మీద చర్చి, దర్గా, వెంకన్న గుడి ఉన్న చోటు కాబట్టి మైకులకు కొదవ లేదు. వాటన్నిటి మధ్య ఈయన గొంతు ఎవరో గదిలో కూర్చుని మనతోనే మాట్లాడుతున్నట్టు వినబడేది. మైకుకి పెదాలు దాదాపు ఆనించి, గొంతు తగ్గించి పాడతాడు. ఒక్కో మాటా విడివిడిగా తెలుస్తుంది. ఇంగ్లీషు అంతంత మాత్రంగా వచ్చిన మా నాన్నలాంటి వాళ్లకి ఆయన అంతగా నచ్చడానికి కారణం ఇదేనని నా లెక్క. ఆయన 1964 జులై 31న, 40 ఏళ్ల వయసులో, అమెరికాలోని నాష్‌విల్ దగ్గర సొంత విమానం నడుపుకుంటూ వానలో కూలి చనిపోయాడు. ఆ సంగతి తెలియక, ఎప్పుడో మద్రాసు వస్తే వెళ్లి చూడాలని నాన్న చాలా ఏళ్లు అనుకుంటూనే ఉన్నారు.

అమ్మది వేరే లోకం. ఆమెకు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం చాలు. నేను కాలేజీలో రాక్ పిచ్చిలో పడ్డప్పుడు, "ఆదివారం పూట ఏటిరా ఆ గోల?" అని స్విచ్ కట్టేసేది. ఒకరోజు బర్డ్స్ అనే రాక్ బృందం వాళ్ల 'టర్న్ టర్న్ టర్న్' పెట్టి, ఆమె ఒళ్లో బైబిల్ తెరిచి ప్రసంగి మూడో అధ్యాయం చూపించాను. 1965లో అమెరికాలో నంబర్ వన్ అయిన ఆ పాటలో మాటలు దాదాపు అన్నీ అక్కడివే. జానపద గాయకుడు పీట్ సీగర్ వాటికి బాణీ కట్టాడు. అమ్మ వేలు పెట్టి వరస వెంబడి చదువుకుంటూ మొత్తం వింది. "మాటలు మనవే. ఆ డప్పే ఎక్కువైంది" అంది. ఆ పాట మీద ఇంతకంటే మంచి సమీక్ష నేను రాయలేను. యూటూ అనే రాక్ బృందం వాళ్ల '40' కూడా అలాంటిదే, 40వ కీర్తన నుంచి కట్టింది. దాన్ని మాత్రం డప్పు తక్కువని అమ్మ పాస్ చేసేసింది.

హుద్‌హుద్ తుఫాను వచ్చిన 2014 అక్టోబరు 12 కూడా ఆదివారమే. మధ్యాహ్నానికి మా వీధిలో రేకు అన్నది మిగల్లేదు. కరెంటు నాలుగు రోజులు రాలేదు, ఫోన్లు చచ్చిపోయాయి. పాత టేప్‌రికార్డరు దులిపి నాలుగు పెద్ద సెల్స్ వేశాం. సెల్స్ ఖర్చవకుండా క్యాసెట్‌ను రెనాల్డ్స్ పెన్నుతో వెనక్కి తిప్పుతూ కూర్చున్నారు నాన్న. మూడో రాత్రికి సెల్స్ అయిపోవచ్చాయి. జిమ్ రీవ్స్ గొంతు సాగుతూ, ఇంకా ఇంకా లోతుకి దిగిపోతోంది. కొవ్వొత్తి వెలుగులో నాన్న పడీ పడీ నవ్వారు. "పాపం, ఈయనకి కూడా బీపీ పడిపోయిందిరా!"

నా ఓటు మాత్రం కంట్రీకే. క్రైస్తవ పాటల ఫోల్డరులో కొత్తగా వేసుకున్న ఆరాధన పాటలు చాలావరకు ఆరు నెలల్లో రంగు వెలిసిపోయాయి. అంతా జయమే, అంతా వెలుగే. సీ షిఫ్ట్ (రాత్రి డ్యూటీ) ముగించుకుని, కళ్లు మండుతూ స్టీల్ ప్లాంట్ నుంచి గాజువాక మీదుగా ఇంటికొచ్చే మనిషికి అవి అంటవు. కంట్రీ గాయకుడు క్రిస్ క్రిస్టాఫర్సన్ 'వై మీ' అంటుకుంటుంది. నాష్‌విల్‌లో రికార్డింగ్ స్టూడియో ఊడ్చి, హెలికాప్టర్లు నడిపి, తాగుడులో మునిగి తేలిన మనిషి. ఒకరోజు ఎవరో పిలిస్తే చర్చికి వెళ్లి, అక్కడ ఏడ్చేసి, ఆ తర్వాత రాసిన పాట. 1973లో కంట్రీ చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. గొంతు గొప్పదేమీ కాదు, శ్రుతి కూడా అక్కడక్కడా జారుతుంది. నాకిన్ని మేళ్లు దొరకడానికి నేనేం చేశానని అడుగుతాడు, అంతే.

ఒకప్పుడు నేను నాన్నతో ఏడు నెలలుగా మాట్లాడటం లేదు. కారణం రాయడానికి సిగ్గుగా ఉంది. వంద గజాల స్థలం. ఒక పొద్దున షీలానగర్ దగ్గర ట్రాఫిక్‌లో ఈ పాట వచ్చింది. ఇంటికి పోకుండా కారు నేరుగా పాత ఊరికి పోనిచ్చాను. నాన్న తలుపు తీసి, "టిఫిన్ చేశావా?" అన్నారు. స్థలం మాట ఆ రోజు ఎవరూ ఎత్తలేదు.

కంట్రీ గాయకుడు జానీ క్యాష్ 'హర్ట్' గురించి ఒక హెచ్చరిక. రాత్రి ఒంటరిగా డ్రైవ్ చేస్తూ వినకండి. అసలు అది నైన్ ఇంచ్ నెయిల్స్ అనే రాక్ బృందం పాట. క్యాష్ దాన్ని 2002లో పాడుతూ కిరీటం పక్కనున్న ఒక బూతు మాట తీసేసి 'ముళ్ల కిరీటం' చేశాడు. ఒక్క మాట మార్పుతో మత్తుమందు పాట ముసలాయన ప్రార్థన అయిపోయింది. మరుసటి ఏడాదే ఆయన చనిపోయాడు.

నాన్నకి 2017లో స్ట్రోక్ వచ్చి మాట పోయింది. మంచినీళ్లు కావాలంటే చేత్తో చూపించాల్సిందే. ఒక సాయంత్రం ఫోన్‌లో 'దిస్ వరల్డ్ ఈజ్ నాట్ మై హోమ్' పెడితే, జిమ్ రీవ్స్‌తో పాటు పల్లవి మొత్తం మాటలతో సహా పాడేశారు! మాకు మతిపోయింది. మాట ఎక్కువగా మెదడు ఎడమ వైపు పని, పాటకి కుడి వైపు కూడా తోడొస్తుంది, అందుకే కొందరికి ఇలా జరుగుతుందని ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి చెప్పింది. అమ్మ ఆ ఎడమా కుడీ ఏదీ ఒప్పుకోలేదు. నేను ఇద్దరికీ తల ఊపాను. ఆ తర్వాత పద్నాలుగు నెలలు రోజూ సాయంత్రం అదే పాట. అన్నిసార్లు విన్నా నాకు విసుగు రాలేదు.

ఇక ఫిర్యాదులు. పెన్‌డ్రైవ్‌ను నమ్ముకోవద్దు. ఒక మొబైల్ షాపులో పాటలు ఎక్కించమని ఇస్తే కంట్రీ ఫోల్డరు మొత్తం చెరిపేసి, పైగా వైరస్ ఉందన్నాడు. మళ్లీ పోగేసుకోవడానికి రెండేళ్లు పట్టింది. వేరే చోట కాపీ ఉంచుకోండి. వరస కలిపేసి వింటే భక్తి పాట తర్వాత తాగుబోతు పాట వచ్చి పడుతుంది. మా ఆవిడకి అది నచ్చదు, నాకు పర్లేదు.

క్యాసెట్ ఇంకా ఆడుతోంది. టేప్‌రికార్డరు బెల్టే సాగిపోయింది. పూర్ణా మార్కెట్ దగ్గర మెకానిక్ ఒకాయన ఆ సైజు ఇప్పుడు దొరకదని ఒక మందపాటి రబ్బరు బ్యాండు వేసిచ్చాడు. దాంతో స్పీడు కాస్త పెరిగింది. జిమ్ రీవ్స్ ఇప్పుడు బస్సు తప్పిపోతుందన్నట్టు తొందర తొందరగా పాడుతున్నాడు.