వయొలిన్ టెయిల్‌పీస్: విడి ట్యూనర్లా, లోపలే అమర్చినవా?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమకి నెల్లూరు, ఒంగోలు వైపు వయొలిన్ బిరడాలు (తీగలు చుట్టే చెక్క మేకులు) ఉబ్బి బిగుసుకుంటాయి. అలాంటప్పుడు నాలుగు తీగలకీ ఫైన్ ట్యూనర్లు (శ్రుతిని కొద్దికొద్దిగా సవరించే చిన్న మరలు) ఉంటే ప్రాణం హాయిగా ఉంటుంది. ఏ రకం అన్నదే అసలు సంగతి.

చెక్క టెయిల్‌పీస్‌కి (తీగల కింది కొసలు తగిలించే పలకకి) విడి ట్యూనర్లు బిగిస్తే తీగ కొస ముందుకొచ్చి తగులుకుంటుంది. బరువూ పెరుగుతుంది. తీగల్ని మోసే బ్రిడ్జి ముందు తీగ 328 మి.మీ. ఉంటే వెనక అందులో ఆరో వంతు, దాదాపు 55 మి.మీ. ఉండాలి. అది 45కి పడిపోతే వేలికింద తీగ మొరాయిస్తుంది, మంద్రంలో గమకం లాగితే నాదం మూసుకుపోతుంది. ట్యూనర్లు లోపలే ఉన్న తేలికరకం టెయిల్‌పీస్‌లో ఈ కోత ఉండదు. గాయకుణ్ణి బట్టి శ్రుతి మార్చే పక్కవాద్యానికి మా ఓటు దీనికే. చెక్కదే ఇష్టమైతే పై పంచమానికి ఒక్క ట్యూనరు పెట్టి, బిరడాలు బాగు చేయించుకోండి.

షడ్జం తీగని బ్రిడ్జి వెనక మీటి చూడండి. రెండు స్థాయిల పైన పంచమం పలికితే కొలత కుదిరినట్టే. అంతకన్నా హెచ్చుగా పలికితే టెయిల్‌గట్ (టెయిల్‌పీస్‌ని వయొలిన్ అడుక్కి కట్టే తాడు) కురచ చేయాలి. తీగ కొసన దారం చుట్టు ఉంటే స్వరం మసకబారుతుంది, అప్పుడు స్కేలునే నమ్మండి.

నైలాన్ గట్ కొత్తలో సాగి టెయిల్‌పీస్‌ని బ్రిడ్జి వైపు జరుపుతుంది, కనక వారం తర్వాత మళ్లీ కొలవాలి. కెవ్లార్ అనే గట్టి నారతో చేసిన గట్ దాదాపు సాగదు. గట్ మార్చేటప్పుడు తీగలన్నీ వదులై లోపల నిలబెట్టిన చెక్కపుల్ల (సౌండ్‌పోస్ట్) పడిపోవచ్చు. వయొలిన్‌ని వెల్లకిలా పడుకోబెట్టి, కదపకుండా పని కానివ్వండి. గట్ మరీ కురచైతే టెయిల్‌పీస్ వయొలిన్ కింది అంచున గట్‌ని మోసే సాడిల్‌కి తగిలి జుయ్యిమంటుంది.