మలక్‌పేట రేసు పుస్తకం: చాలా సీజన్లు వాడాక నా మాట

మలక్‌పేట రేస్‌కోర్స్‌కు అలవాటుపడినవాళ్లకు ఈ పుస్తకాన్ని పరిచయం చేయక్కర్లేదు. కొత్తవాళ్ల కోసం చెప్తున్నా. రేసులకు ముందురోజు సాయంత్రానికి అమ్మకానికి వచ్చే పల్చటి పుస్తకం ఇది. మర్నాడు జరిగే రేసులన్నీ వరసగా ఉంటాయి. ఒక్కో రేసులో పరిగెత్తే గుర్రాలు, వాటి మీద వేసే బరువు, ఎక్కే జాకీ, ట్రైనర్, వెనకటి పరుగుల వివరాలు, పొద్దుటి ప్రాక్టీసు టైమింగులు ఉంటాయి. చివరి పేజీలో ఏ రేసులో ఏది గెలుస్తుందో చెప్పే టిప్స్. ఇలాంటివి ఒకటికి మించే వస్తాయి. అన్నీ మార్చి మార్చి వాడాను. పేర్లు చెప్పను, అట్ట రంగు తప్ప పెద్ద తేడా లేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: లోపలి పేజీలకు ఇచ్చిన డబ్బు గిట్టుబాటే. చివరి పేజీ చింపి ఇచ్చినా నాకు నష్టం లేదు.

లోపలి పేజీల్లో అసలు సరుకు వెనకటి పరుగుల పట్టీ. గుర్రం పేరు కింద అది పరిగెత్తిన చివరి నాలుగైదు రేసులు ఒక్కో వరసలో ఉంటాయి: తేదీ, దూరం, మోసిన బరువు, ఎన్నో స్థానం, గెలిచిన గుర్రానికి ఎన్ని లెంగ్త్‌ల వెనక (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు), టైమింగ్, అప్పటి ఆడ్స్ (గెలిస్తే రూపాయికి ఎంత వస్తుందన్న రేటు). కొత్తగా చూసేవాళ్లకు ఇది టెలిఫోన్ డైరెక్టరీలా కనిపిస్తుంది. స్థానం ఒక్కటే చూసి పేజీ తిప్పేస్తారు. కిందటిసారి ఫస్ట్ వచ్చింది కాబట్టి ఈసారీ వస్తుందని ఒక లెక్క, ఏడోది వచ్చింది కాబట్టి పనికిరాదని ఇంకో లెక్క. హ్యాండిక్యాప్ రేసుల్లో ఈ రెండూ పనిచేయవు. ఆ రేసులు పెట్టేదే బలమైన గుర్రాన్ని బరువుతో కట్టేయడానికి.

ప్రతి గుర్రానికీ ఒక రేటింగ్ ఉంటుంది. గెలిస్తే పెరుగుతుంది, వరసగా వెనకబడితే తగ్గుతుంది. మన దేశంలో ఒక రేటింగ్ పాయింటు అంటే అర కిలో. అంటే రేటింగులో పన్నెండు పాయింట్లు ముందున్న గుర్రం ఆరు కిలోలు ఎక్కువ మోయాలి. మైలు దూరం, అంటే 1600 మీటర్ల రేసులో ఒక కిలో తేడా సుమారుగా ఒక లెంగ్త్ తినేస్తుందని ఆటగాళ్లు లెక్క వేసుకుంటారు. ఇప్పుడు పట్టీ మళ్లీ చూడండి. కిందటిసారి 53 కిలోలతో రెండు లెంగ్త్‌ల తేడాతో గెలిచిన గుర్రం ఈసారి 58 కిలోలతో దిగుతోంది. అదే రేసులో దాని వెనక మూడోది వచ్చిన గుర్రం అప్పుడు మోసిన బరువే ఇప్పుడూ మోస్తోంది. జనం మొదటిదాని మీద పడతారు. నేను ఆ మూడోది వచ్చినదాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుడతాను. ప్రతిసారీ అదే గెలుస్తుందని కాదు. కానీ ఇంత వివరం ఒక్క పేజీలో, ఒక్క చూపులో దొరకడమే ఈ పుస్తకం విలువ. అప్రెంటిస్ జాకీ, అంటే ఇంకా నేర్చుకుంటున్నవాడు ఎక్కితే తగ్గే బరువు కూడా పక్కనే వేస్తారు. చివరి వందమీటర్లలో ఆ పిల్లవాడి చేతులకు ఉన్న అనుభవం ఎంతో మాత్రం పుస్తకం చెప్పదు. దాన్ని కోర్సులో చూసి తెలుసుకోవాల్సిందే.

దూరం మారినప్పుడు పట్టీ ఇంకా బాగా పనికొస్తుంది. 1200 మీటర్లలో ఎప్పుడూ చివర్లో దూసుకొచ్చి నాలుగో స్థానంలో ఆగిపోయే గుర్రాలు కొన్ని ఉంటాయి. వాటిని 1600కో 1800కో దించిన రోజున పట్టీలో స్థానాలన్నీ అధ్వాన్నంగానే ఉంటాయి, ఆడ్స్ మాత్రం మంచివి దొరుకుతాయి. ‘ఫినిష్డ్ వెల్’ (చివర్లో బాగా పరిగెత్తింది) అనే చిన్న రిమార్కు ఇక్కడ బంగారం. కానీ ఆ రిమార్కు వేసే ఓపిక కొన్ని పుస్తకాలకు లేదు. నేను పుస్తకం కొనేముందు మధ్య పేజీ తెరిచి అది ఉందా లేదా చూసుకుంటాను.

ఇక పొద్దుటి టైమింగులు. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. అందరూ మోసపోయేది ఇక్కడే, అందరికంటే ముందు తెలుసుకునే అవకాశం ఉండేదీ ఇక్కడే. తెల్లవారుజామున ఇసుక ట్రాక్ మీద గుర్రాలను పరిగెత్తిస్తారు. వాచీలు పట్టుకుని నిలబడినవాళ్లు ‘800 మీటర్లు 59, 600 మీటర్లు 44, మూవ్డ్ ఈజీ’ అని రాసుకుంటారు. మర్నాడు అది అచ్చులో ఉంటుంది. పేపర్లో ఇచ్చే ట్రాక్ నోట్స్ కూడా ఇదే బాపతు. జనం చూసేది సెకన్లు. 600 మీటర్లు 43లో వచ్చింది కాబట్టి 45లో వచ్చినదానికంటే మేలు అనుకుంటారు. నా అనుభవంలో సెకన్ల కంటే ముందు చూడాల్సినవి రెండున్నాయి. పైన ఎవరు ఎక్కారు, చివర్లో ఏం రాశారు.

పేరు పక్కన ఆర్‌బీ అని ఉంటే ఎక్కింది రైడింగ్ బాయ్ అని అర్థం. జాకీ పేరుంటే జాకీ. రేసులో ఎక్కబోయే జాకీయే పొద్దున వచ్చి స్వయంగా పని చేయించాడంటే ఆ స్టేబుల్ ఆ గుర్రాన్ని పట్టించుకుంటోందని అనుకోవచ్చు. రిమార్కు విషయానికొస్తే, 43 పక్కన ‘పుష్డ్’ అని ఉంటే ఆ గుర్రం దగ్గర ఉన్నదంతా పొద్దున్నే ఇసుకలో పెట్టేసినట్టు. 45 పక్కన ‘అన్‌ఎక్స్‌టెండెడ్’ అని ఉంటే ఇంకా దాచుకుందన్నమాట. నేను ఆ రెండో రకానికే మొగ్గుతాను. కొన్ని గుర్రాల విషయంలో మాత్రం ఇసుక టైమింగులు పూర్తిగా దండగ. పొద్దున అద్భుతంగా పరిగెత్తి, సాయంత్రం జనం, చప్పుడు చూసి గేటు దగ్గరే చెమటలు కక్కేవి ఉంటాయి. వాటిని పొద్దుటి చాంపియన్లని వెక్కిరిస్తుంటారు. అలాంటివాటికి పట్టీయే సాక్ష్యం: ప్రతిసారీ మంచి టైమింగ్, తక్కువ ఆడ్స్, ఆరో స్థానం.

మాక్ రేసుల (పందెం లేకుండా ప్రాక్టీసు కోసం పెట్టే రేసుల) వివరాలు వేసిన పుస్తకం దొరికితే వదలకండి. కొత్త గుర్రాలకు పట్టీ ఉండదు కదా. చలికాలం సీజన్లో కుర్ర గుర్రాలు మొదటిసారి దిగే రేసుల్లో తల్లీ తండ్రీ పేర్లు, మాక్ రేసులో ఎలా పరిగెత్తింది అన్నవి తప్ప చేతిలో ఏమీ ఉండదు. జనవరి 1న దేశంలోని రేసు గుర్రాలన్నింటికీ ఒకేసారి ఒక ఏడు పెరుగుతుంది. డిసెంబర్ దాకా రెండేళ్లదిగా రాసినదాన్ని మర్నాడు మూడేళ్లదిగా చూసి అచ్చుతప్పని పుస్తకాన్ని తిట్టుకోకండి.

పుస్తకం చేతులెత్తేసే చోట్లూ ఉన్నాయి. వర్షాకాలం సీజన్లో రాత్రి పడ్డ వాన దానికి తెలియదు. అది అచ్చుకు వెళ్లేసరికి ట్రాక్ పొడిగా ఉంటుంది, మర్నాడు మధ్యాహ్నానికి మెత్తబడి ఉంటుంది. బరువు ఎక్కువ మోసే గుర్రాలకు ఆ మెత్తదనం మరీ కష్టం. అలాగే గడ్డి పాడవకుండా లోపలి కంచెను కొన్ని మీటర్లు బయటికి జరిపి ఫాల్స్ రెయిల్స్ పెడతారు. అవి ఉన్న రోజు టైమింగులను లేని రోజు టైమింగులతో పోల్చడం వృథా. గుర్రాలు పరిగెత్తిన దారే వేరు. పేపర్లో ప్రివ్యూ మొదట్లోనే దీనికో లైను ఉంటుంది. పుస్తకాల్లో ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. మధ్యాహ్నం విత్‌డ్రా అయిన గుర్రాలు, మారిన జాకీల సంగతి సరేసరి. కోర్సులో బోర్డు చూసి పుస్తకంలో మనమే కొట్టేసుకోవాలి.

ఇప్పుడు చివరి పేజీ. ఒక్కో రేసుకు మూడు గుర్రాల పేర్లు, కింద ‘డేస్ బెస్ట్’ (ఆ రోజుకు అన్నింటికంటే నమ్మకమైనది), ఇంకా కింద ఒక డబుల్ (రెండు రేసుల్లో గెలిచేవాటి జత). ఎనిమిదీ పది గుర్రాలు పరిగెత్తే రేసుకు మూడు పేర్లు చెప్తే, గెలిచేది అందులో ఉండటం పెద్ద విద్య కాదు. పైగా మొదటి పేరు దాదాపు ఎప్పుడూ ఫేవరెట్టే, అంటే జనం ఎక్కువ డబ్బు పెట్టే గుర్రమే. ప్రపంచంలో చాలా రేస్‌కోర్సుల్లో ఫేవరెట్లు మూడింట ఒక వంతు రేసులు గెలుస్తూనే ఉంటాయి, ఎవరు టిప్ ఇచ్చినా ఇవ్వకపోయినా. కానీ తర్వాతి పుస్తకం అట్ట మీద చూడండి: ‘కిందటి రేసుల్లో మా విన్నర్లు’ అని పెద్ద అక్షరాలు. మూడో పేరుగా ఇచ్చిన గుర్రం గెలిచినా అది వాళ్ల ఖాతాలోనే పడుతుంది. మొదటి పేరు మీదే వరసగా డబ్బు పెట్టినవాడికి సీజన్ చివర ఏం మిగిలిందో ఏ అట్ట మీదా కనపడదు. గుర్రప్పందెం నైపుణ్యంతో ఆడే ఆట అని కె.ఆర్. లక్ష్మణన్ కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. చివరి పేజీ మడిచి జేబులో పెట్టుకుని కౌంటర్ దగ్గరికి పరిగెత్తేవాళ్లను చూస్తే ఆ నైపుణ్యం ఎక్కడుందా అనిపిస్తుంది నాకు.

ఆ పేజీ వల్ల ఎక్కువ చేటు జాక్‌పాట్ ఆడేవాళ్లకు. వరసగా ఐదు రేసుల్లో గెలిచే గుర్రాలను పట్టాలి. పుస్తకం ఇచ్చిన మూడు పేర్లూ ఐదింట్లోనూ వేస్తే 243 కాంబినేషన్లు. రెండేసి వేస్తే 32. నేను పుస్తకాన్ని ఇక్కడ తిరగేసి వాడతాను. ఏ రేసులో చివరి పేజీ, పట్టీ, పొద్దుటి టైమింగు మూడూ ఒకే గుర్రాన్ని చూపిస్తున్నాయో అక్కడ ఒక్కటే పెడతాను. అలా రెండు రేసులు దొరికి, మిగతా మూడింట్లో మూడేసి వేస్తే 27తో అయిపోతుంది. అలాంటివి రెండు దొరకని రోజు జాక్‌పాట్ జోలికి పోను. నల్గొండ నుంచి వచ్చే మా తమ్ముడి వరస కుర్రాడొకడు ప్రతి రేసుకూ ‘అన్నా, ఇండ్ల ఏది కొడ్తది?’ అని అడుగుతాడు. ‘ఈ రేసుల ఏదీ ఆడకు, ఛాయ్ తాగుదాం పా’ అంటే మొహం మాడ్చుకుంటాడు. ఆడకూడని రేసులను గుర్తుపట్టడానికే నాకీ పుస్తకం ఎక్కువ పనికొచ్చింది. పన్నెండు గుర్రాలు, అన్నింటికీ దగ్గర దగ్గర రేటింగులు, ఒక్కదానికీ నిలకడ లేని అట్టడుగు క్లాసు రేసు కనిపిస్తే ఆ పేజీకి అడ్డంగా ఒక గీత గీసేస్తాను. ఎనిమిది రేసుల రోజున నా పుస్తకంలో అలాంటి గీతలు సగానికి పైనే ఉంటాయి.

పన్ను సంగతి చెప్పకపోతే ఈ సమీక్ష అసంపూర్తి. గుర్రప్పందేల మీద జీఎస్టీ 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం చేశారు. అది గెలుపు మీద కాదు, పెట్టే పందెం మీద. ఏ రూపంలో వసూలు చేసినా చివరికి టికెట్ కొన్నవాడి నెత్తినే పడుతుంది. అది కాక గెలుపు పదివేలు దాటితే 30 శాతం టీడీఎస్. ఈ లెక్కలో ఈవెన్ మనీకి (పెట్టినంతే లాభం వచ్చే ఆడ్స్‌కి) అటూ ఇటూగా ఉండే ఫేవరెట్ల మీద వరసగా పెట్టుకుంటూ పోతే టిప్స్ బాగానే తగులుతున్నా జేబు ఖాళీ అవుతుంది. పుస్తకాల టిప్స్ పేజీ మాత్రం పన్నే లేని కాలంలో రాసినట్టు ఇంకా అలాగే ఉంది. ‘ఈ ఆడ్స్ కంటే తక్కువైతే వదిలేయండి’ అని ఒక్క మాట రాసిన పుస్తకం నాకింతవరకూ తగల్లేదు. అది రాయగలిగిన వాడికి రెట్టింపు ధర ఇవ్వడానికి సిద్ధం.

ఫోన్లో టిప్స్ అమ్మే గ్రూపుల గురించి ఎక్కువ చెప్పను. వాటి ‘లోపలి న్యూస్’ సగం ఈ పుస్తకంలోంచి ఎత్తిందే. కొన్ని గ్రూపులు సగంమందికి ఒక గుర్రం, సగంమందికి ఇంకోటి పంపిస్తాయని కోర్సులో అందరికీ తెలుసు. ఇంగ్లీష్ పేపర్లో వచ్చే ప్రివ్యూ వాటికంటే చాలా నయం. గప్పాలు లేకుండా కార్డు (ఆ రోజు రేసుల, గుర్రాల జాబితా), టిప్స్, ట్రాక్ నోట్స్ ఇచ్చి ఊరుకుంటుంది. వెనకటి పరుగుల పట్టీ అందులో ఉండదు, అదొక్కటే లోటు.

1886లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ మౌలాలి నుంచి రేసులను మలక్‌పేటకు తెచ్చినప్పటి నుంచీ ఇక్కడ జనం ఏదో ఒక కాగితం పట్టుకుని వాదించుకుంటూనే ఉన్నారు. ఇప్పుడు మెట్రో దిగి వచ్చే కుర్రాళ్లు అదే వివరం ఫోన్లో పీడీఎఫ్‌గా చూస్తున్నారు. నాకు కాగితమే నచ్చుతుంది, పెన్సిల్ పెట్టొచ్చు కాబట్టి. అయితే అచ్చు మరీ సన్నం. యాభై దాటినవాళ్లకు బరువుల గడిలో 53.5కూ 58.5కూ తేడా కళ్లజోడు లేకుండా కనపడదు. పిన్నులు రెండో రోజుకే ఊడిపోతాయి. డెర్బీ రోజుల్లో పేజీలు పెరిగినా ప్రకటనలే పెరుగుతాయి, వివరం పెరగదు.

కొనాలనుకుంటే ముందురోజు సాయంత్రమే కొనండి. ఒక్కో రేసు చూడటానికి తీరిగ్గా పది నిమిషాలైనా పడుతుంది. గేటు దగ్గర కొంటే మొదటి రేసుకు మిగిలేది చివరి పేజీ చూసేంత టైమే.