శోధగంగ: ఊరు కదలకుండా పీహెచ్‌డీ చేసేవాళ్లకు ఎంతవరకు అక్కరకొస్తుంది?

శ్రీకాకుళం జిల్లాలో డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. ఉద్యోగం చేసుకుంటూనే పార్ట్‌టైం పీహెచ్‌డీ. పత్తి ఇంటికొచ్చినప్పటి నుంచి నూలయ్యేదాకా పొందూరు వైపు వాడే వృత్తి పదాలు నా అంశం. ఆరేళ్లుగా వారంలో మూడు నాలుగు రాత్రులు, పిల్లలు పడుకున్నాక, పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు దొరికే శోధగంగ వెబ్‌సైటు తెరుస్తున్నాను. ఇంతకాలం వాడాక నాలుగు మాటలు రాయాలనిపించింది.

ఇది లేని రోజులు ఎలా ఉండేవో ముందు చెప్పాలి. ఎంఫిల్ చేసేటప్పుడు ఒక్క సిద్ధాంత గ్రంథం చూడ్డానికి ఆమదాలవలసలో రైలెక్కి ఒక యూనివర్సిటీకి వెళ్లాను. గైడ్ రాసిచ్చిన ఉత్తరం ఉంది, దాని మీద శాఖాధిపతి సంతకం లేదు. ఆ సంతకం సంగతి తేలేసరికి మధ్యాహ్నం మూడయింది. జిరాక్స్ కుదరదన్నారు, ఐదింటికి లైబ్రరీ మూసేశారు. ఆ రెండు గంటల్లో చేత్తో రాసుకున్నదే నాకు దక్కింది. కావలసిన అధ్యాయం సగంలోనే ఆగిపోయింది. సెలవు లేదు, మళ్లీ వెళ్లలేకపోయాను.

ఇప్పుడు అలాంటి గ్రంథాలు 5 లక్షలకు పైగా ఒకేచోట ఉన్నాయి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) కిందున్న, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం దీన్ని నడుపుతోంది. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని అందరికీ అందుబాటులో పెట్టాలని 2009లో యూజీసీ నిబంధన తెచ్చింది, దాని ఫలమే ఇది. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. ఫోనుంటే చాలు.

ఏ గ్రంథం తెరిచినా పైన శీర్షిక, పరిశోధకుడి పేరు, గైడ్ పేరు, విశ్వవిద్యాలయం, పూర్తయిన తేదీ ఉంటాయి. కింద అధ్యాయానికో పీడీఎఫ్. నెట్ సరిగా అందని ఊళ్లో ఇది పెద్ద సదుపాయం, కావలసిన అధ్యాయమే దించుకోవచ్చు. కొత్తవాళ్లకు ఒక చిట్కా: చాలా గ్రంథాలకు 80వ నంబరుతో ‘రికమండేషన్’ అని ఒక ఫైలు ఉంటుంది. అందులో ముఖపత్రం, ఆఖరి అధ్యాయం కలిసి ఉంటాయి. ముందు అది చదవండి, మిగతాది చదవాలో వద్దో తేలిపోతుంది.

నాకు బాగా నచ్చింది, శాఖల మధ్య గోడలు లేకపోవడం. ‘హ్యాండ్లూమ్’ అని వెతికితే కామర్స్ వాళ్లు సహకార సంఘాల మీద చేసిన పని, ఎకనామిక్స్ వాళ్లు నేతగాళ్ల అప్పుల మీద చేసిన పని, హోమ్ సైన్స్ వాళ్లు బట్ట నాణ్యత మీద చేసిన పని ఒకే వరసలో కనిపిస్తాయి. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు కదా, ఆ చేప గురించి తెలుసుకుందామని వెతికితే జువాలజీ వాళ్ల గ్రంథాల్లోకి వెళ్లాను. తెలుగు ఎంఏ చదివిన నేను చేప పళ్ల వరసల గురించి రెండు రాత్రులు చదివాను. అంత సన్నని పళ్లు పత్తిలోని నలకను ఎలా పట్టేస్తాయో అప్పుడు అర్థమైంది.

ఇక గ్రంథం చివర జతచేసే అనుబంధాలు. నా మటుకు నాకు శోధగంగలో అసలు సంపద అక్కడే ఉంది. అచ్చయిన పుస్తకాల్లో ప్రశ్నావళులు, సమాచారమిచ్చినవాళ్ల వివరాలు చాలావరకు తీసేస్తారు. సిద్ధాంత గ్రంథంలో అవి ఉంటాయి. నా పనికి పునాది భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశం. అందులో చేనేత సంపుటం 1971లో వచ్చింది. మాటలు దాన్లో దొరికాయి కానీ, మనుషుల్ని ఎలా అడగాలో నాకు తెలియలేదు. మొదటిసారి పొందూరు వెళ్లినప్పుడు ఒక పెద్దావిడ చేతిలోది చూపించి “దీన్నేమంటారమ్మా?” అని అడిగాను. “థ్రెడ్డమ్మా” అంది. నేను చదువుకున్నదాన్నని నాకు తగ్గ మాట వెతికి ఇచ్చింది. ఆరోజు నోటుబుక్కు నిండా అలాంటి మాటలే.

తర్వాత ఒక రాత్రి, వేరే జిల్లాలో వేరే వృత్తి మీద ఎవరో చేసిన గ్రంథం చివర చేతిరాత ప్రశ్నావళి స్కాన్ చూశాను. అందులో వస్తువు పేరు అడిగే ప్రశ్న ఒక్కటీ లేదు. పని మొదట్నుంచీ చెప్పించే ప్రశ్నలే. మళ్లీ వెళ్లినప్పుడు ఆవిడ పక్కన కూర్చుని “పత్తి ఇంటికొచ్చిన కాణ్ణించి చెప్పమ్మా” అన్నాను. ఏకు, రాట్నం, కండె, చిలప అంటూ గంటన్నర సేపు చెప్పింది. “రాసుకోడానికి చెయ్యి నొప్పెట్టలేదా అమ్మా?” అని చివర్న ఆవిడే అడిగింది. ఆ ప్రశ్నావళి రాసినవారెవరో నేనెప్పుడూ కలవలేదు. వారికి రుణపడి ఉన్నాను.

లోపాల దగ్గరికొస్తే, తెలుగు గ్రంథాలు వెతకడం కష్టం. చాలామంది అనూ ఫాంట్లలో కొట్టించారు. కంటికి తెలుగే, కంప్యూటరుకు మాత్రం కాదు. ‘పడుగు’ అన్న మాట కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తాయి. కాబట్టి ఫైల్లో మాట వెతకడం కుదరదు, పేజీలన్నీ కంటితో చూడాల్సిందే. శీర్షికలు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు. ‘చేనేత’కే మూడు నాలుగు రకాల స్పెల్లింగులతో వెతకాలి. పాత స్కాన్లలో కొన్నిచోట్ల వత్తులు, దీర్ఘాలు చెదిరిపోయాయి. వీటిని సరిచేయాల్సింది గ్రంథాలు రాసి, ఎక్కించే మనమే. ఈ పద్ధతి మారితీరాలి.

సైన్సు వాళ్లకు ఇదొక్కటే చాలదు, వాళ్లకు కావలసింది తాజా జర్నళ్లు. మా కెమిస్ట్రీ మాస్టారు ఒక్క వ్యాసానికి ముప్పై నలభై డాలర్లు కట్టలేక సారాంశం చదివి ఊరుకునేవారు. 2025 జనవరిలో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ ఆ లోటు తీర్చడానికే వచ్చింది. మూడేళ్లకు 6,000 కోట్లు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 జర్నళ్లు. అది ప్రభుత్వ సంస్థల్లో ఉన్నవాళ్లకే. సంస్థ అండ లేకుండా సొంతంగా పనిచేసేవాళ్లకు కూడా శోధగంగ తెరిచి ఉంది.

నా గ్రంథం ఇప్పుడు ఆఖరి దశలో ఉంది. డీటీపీ అబ్బాయి “అనూలో చేసేద్దాం మేడమ్, అక్షరం అందంగా ఉంటుంది” అన్నాడు. వద్దన్నాను. 312 పేజీలూ, కంప్యూటరు కూడా తెలుగుగా గుర్తుపట్టే యూనికోడ్‌లో నేనే కొట్టుకున్నాను, శీర్షిక తెలుగు లిపిలోనూ ఇచ్చాను. మూడో అనుబంధంలో నా ప్రశ్నావళి ఉంది. దాని కింద, పొందూరు పెద్దావిడ అనుమతితో, ఆ గంటన్నర మాటలు ఆవిడ చెప్పినవి చెప్పినట్టే పెట్టాను.