చిన్నపిల్లలతో అరకు: రైలా, కారా, ఎక్కడ దిగాలి, ఏది వదిలేయాలి

ఐదారేళ్ళ లోపు పిల్లలున్నవాళ్ళు అరకు అనుకోగానే ముందు తేల్చుకోవాల్సింది రాత్రి బస. పొద్దున వెళ్ళి రాత్రికి వైజాగ్ వచ్చేయడం పెద్దవాళ్ళకి కుదురుతుంది గానీ చంటిపిల్లలకి కుదరదు. రైల్లో ఎక్కించి బస్సులో దింపే ఒకరోజు ప్యాకేజీలో గిరిజన మ్యూజియం, పద్మాపురం తోట, థింసా నృత్యం, కాఫీ తోటలు, బొర్రా గుహలు అన్నీ ఉంటాయి. తెల్లవారకముందే లేపిన పిల్లాడు మధ్యాహ్నం మూడింటికి తూగుతుంటాడు. సరిగ్గా అప్పుడే బస్సు బొర్రా మెట్ల దగ్గర ఆగుతుంది. డబ్బు పరంగా ప్యాకేజీ చవకే, ఏర్పాట్లూ బాగానే ఉంటాయి. కాకపోతే అది పిల్లల కోసం వేసిన ప్యాకేజీ కాదు.

కొండ మీద ఒక రాత్రి ఉండి, వెళ్ళేటప్పుడు రైలు, దిగేటప్పుడు కారు పెట్టుకుంటే అందరికీ సుఖం. చూడాల్సినవి కొన్నే పెట్టుకుంటే చాలు.

విశాఖ–కిరండూల్ ప్యాసింజర్ ఉదయం ఏడు లోపే విశాఖలో బయలుదేరి, పది ప్రాంతంలో బొర్రా గుహలు స్టేషన్‌కి, పదకొండు ప్రాంతంలో అరకుకి చేరుతుంది. ఇది ప్రధానంగా ఇనుప ఖనిజం గూడ్స్ తిరిగే లైను. అందుకే మధ్యలో చిన్న స్టేషన్లలో కారణం తెలియకుండా నిలబడిపోతుంది, అరగంట అటూ ఇటూ లెక్కలో ఉంచుకోవాలి. లైన్లో 58 సొరంగాలున్నాయి. సొరంగం రాగానే బోగీ అంతా ఈలలు, కేకలు. మూడేళ్ళు దాటిన పిల్లలకి ఇదే పెద్ద సంబరం, ఏడాది బిడ్డకి మాత్రం నిద్రలో ఉలిక్కిపడి ఏడవడానికి ఇదే కారణం. అలాంటి బిడ్డ ఉంటే కొండ ఎక్కడం మొదలయ్యే బొడ్డవర దాటాక పడుకోబెట్టే ప్రయత్నం మానుకోండి.

అద్దాల పైకప్పు విస్టాడోమ్ బోగీ 2017 నుంచి ఈ రూట్లో ఉంది. ఏసీ, తిరిగే సీట్లు, చివర్లో నిలబడి చూసే చోటు. టికెట్ ఖరీదు మామూలు సీటుకి చాలా రెట్లు. పిల్లలకి అంత అవసరమా అంటే, అవసరమే అంటాను, కారణం అద్దాలు కాదు: లేచి నడవడానికి చోటుంటుంది, దారిలో జనం నిలబడరు. మామూలు బోగీలో పండగ సెలవులప్పుడు పాపని టాయిలెట్‌కి తీసుకెళ్ళడమే ఒక యుద్ధం. అయితే విస్టాడోమ్ కిటికీలు తెరుచుకోవు, కడుపులో తిప్పే పిల్లలకి గాలి తగలదు. మామూలు బోగీలో అయితే జామకాయలు, పల్లీలు అమ్మేవాళ్ళు వస్తూనే ఉంటారు, పిల్లలకి అదో కాలక్షేపం. ఏ బోగీ అయినా వెళ్ళేటప్పుడు ఎక్కువ లోయలు కుడివైపే కనిపిస్తాయి.

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. కార్తీక మాసం నుంచి సంక్రాంతి దాకా శని, ఆదివారాల విస్టాడోమ్ సీట్లు తొందరగా అయిపోతాయి కాబట్టి, తెరిచిన రోజే చూసుకోవాలి. ఐదేళ్ళ లోపు పిల్లలకి విడిగా సీటు అడగకపోతే టికెట్ లేదు. ఆ వెసులుబాటు ఒళ్ళో పడుకునే చంటిబిడ్డకి పనికొస్తుంది. నాలుగేళ్ళవాణ్ణి నాలుగు గంటలు ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే అరకులో దిగేసరికి మీ కాళ్ళు మీవి కావు, సీటు కొనేయండి.

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఆరు ప్రాంతంలో విశాఖ చేరుతుంది, కిరండూల్ బండి ఏడు లోపు వెళ్ళిపోతుంది. కాగితం మీద గంట తేడా ఉన్నట్టే ఉంటుంది. విశాఖకి కాస్త ముందుండే దువ్వాడ దగ్గర గోదావరిని ఆపేస్తే ఆ గంట కరిగిపోతుంది, అరకు బండి తప్పిపోతుంది. గరీబ్‌రథ్ అయితే అసలు అందదు. కాబట్టి మూడు రోజుల సెలవుంటేనే రైలు మార్గం పెట్టుకోండి: శనివారం వైజాగ్, ఆదివారం రైలెక్కి అరకు, సోమవారం దిగడం. ఈ వరుసే ఎందుకంటే జూపార్కుకీ, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికీ సోమవారం సెలవు. వైజాగ్‌ని చివరికి పెట్టుకుంటే రెండూ మూసి ఉంటాయి.

వైజాగ్‌లో ఆ శనివారం పొద్దున జూపార్కు, సాయంత్రం బీచ్ రోడ్డు చాలు. కురుసుర శనివారం మధ్యాహ్నం నుంచే తెరుస్తారు. లోపల గది నుంచి గదికి వెళ్ళే గుండ్రటి తలుపుల్లోంచి వంగి దాటాలి. బిడ్డని చంకనెత్తుకున్నవాళ్ళు తమ తల కాచుకుంటారు, బిడ్డ తల ఇనుముకి తగులుతుంది. అక్కడ ముందు ఒకరు దాటి, బిడ్డని చేతికి అందుకోవాలి. ఆర్కే బీచ్‌లో నీళ్ళలోకి దించొద్దు, ఒడ్డు పక్కనే లోతు, కిందికి లాగే కెరటం. ఇసకలో ఆడించాలంటే రుషికొండ మేలు. ఆర్కే బీచ్‌లో ముంత మసాలా తిని వచ్చేయడమే.

తిరుగు రైలు మాత్రం వద్దు. కిరండూల్‌లో పొద్దున బయలుదేరిన బండి అరకు వచ్చేసరికి సాయంత్రం నాలుగు ప్రాంతం, అదీ ఆలస్యం లేకపోతే. చలికాలంలో బొర్రా దాటేలోపే చీకటి. ఏమీ కనపడని కిటికీ, ఆకలేసిన పిల్లలు, విశాఖ చేరేసరికి ఎనిమిది దాటుతుంది. దిగడానికి కారు పెట్టుకోండి. అరకు ఊళ్ళో దొరికే ఆటో, జీపులతో చుట్టుపక్కల చూసి, దిగడానికి ఒక్కపూట టాక్సీ మాట్లాడుకోవడం ఒక పద్ధతి. వైజాగ్ నుంచే కారు తెప్పించుకుంటే రెండు రోజుల కిరాయి, డ్రైవర్ బత్తా పడతాయి గానీ సామాను, చంటిబిడ్డ బట్టలు, పాల సీసాలు అందులోనే ఉంటాయి. ఇద్దరు పిల్లలుంటే రెండోదే నయం. కారులో చైల్డ్ సీట్ ఉంటుందని ఆశపడొద్దు, కావాలంటే ఇంటి నుంచే తెచ్చుకోవాలి.

విశాఖ నుంచి అరకు రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. ఎస్.కోట (శృంగవరపుకోట) దాటి బొడ్డవర తర్వాత ఘాట్ మొదలు. వాంతులు వచ్చేది ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే ఎక్కువ, ఎందుకంటే డ్రైవర్లు దిగేటప్పుడు వేగం పెంచుతారు, బ్రేకులు మీద బ్రేకులు వేస్తారు. బయలుదేరే ముందే మాట్లాడుకోవాలి: నెమ్మదిగా, ప్రతి అరగంటకీ ఒక ఆగడం. ఘాట్‌కి గంట ముందు రెండు ఇడ్లీలు పెట్టి ఆపేయండి. పాలు వద్దు, ఖాళీ కడుపూ వద్దు. ఫోన్ చేతికిస్తే పిల్లలు తల వంచి చూస్తారు, పదో మలుపుకి వాంతి ఖాయం. కవర్లు, తడి గుడ్డ, ఒక జత బట్టలు సీటు జేబులోనే ఉండాలి. డిక్కీలో సూట్‌కేసు అడుగున ఉంటే ఎందుకూ కొరగావు. వాంతి మందు మోతాదు బరువుని బట్టి ఉంటుంది, ఊరు కదలకముందే పిల్లల డాక్టర్ని అడిగి రాయించుకోండి. పొగమంచు కారణంగా సాయంత్రం నాలుగు దాటాక ఘాట్‌లోకి దిగకపోవడం మంచిది. పెట్రోలు ఎస్.కోటలోనే నింపుకోవాలి. ఘాట్‌లో సిగ్నల్ పోతుంది కాబట్టి ఫోన్‌పే మీదే ఆధారపడకుండా చిల్లర నోట్లు ఉంచుకోవాలి.

బస విషయంలో మూడు దారులు. అరకు ఊళ్ళో టూరిజం వాళ్ళ హరిత రిసార్టులు రెండు: వ్యాలీ, మయూరి. మ్యూజియానికీ, హోటళ్ళకీ, మందుల షాపుకీ దగ్గర. పిల్లలున్నవాళ్ళకి ఇదే సరైన చోటు, గదులు పాతవైనా సరే. అనంతగిరి హరిత కొండవాలు మీద ఉంటుంది, బాల్కనీలోంచి లోయ కనపడుతుంది, దృశ్యం కోసం అయితే అరకు కన్నా అదే గొప్ప. కానీ చుట్టూ మెట్లు, ఏటవాలు, రాత్రి బిడ్డకి జ్వరమొస్తే పక్కన ఊరు ఉండదు. నడక వచ్చీరాని పిల్లలుంటే వదిలేయండి. పద్మాపురం తోటలో చెట్ల మీద కట్టిన కాటేజీలు ఫోటోల్లో అందంగా ఉంటాయి, రాత్రి నిద్రలో లేచి నడిచే వయసు పిల్లలతో అక్కడ ఉండటం అంటే మీరు జాగారం చేయడమే. టెంట్లు కూడా అంతే: డిసెంబర్, జనవరి రాత్రుల్లో పది డిగ్రీల కిందికి దిగే ఊరిది, టాయిలెట్ కోసం చీకట్లో బయటకి నడవాలి.

గది తీసుకునే ముందు ఫోన్లో అడగాల్సినవి: వేడినీళ్ళు గీజరా, లేక పొద్దున కొన్ని గంటలే బాయిలర్ నుంచి వస్తాయా, కరెంటు పోతే జనరేటర్ ఉందా, అదనపు పరుపు దుప్పటితో సహా ఇస్తారా, పిల్లలకి కారం లేకుండా పప్పన్నం చేసిపెడతారా. దుప్పటి సంగతి మర్చిపోవద్దు. ఒక గదికి రెండే ఇచ్చి, రాత్రి పదికి అడిగితే స్టోర్ తాళం వేశాం అనే చోట్లున్నాయి. వానాకాలంలో దోమల తెర తప్పనిసరి, ఈ ఏజెన్సీ (గిరిజన) ప్రాంతంలో మలేరియా ఇంకా ఉంది.

చూడాల్సినవాటిలో బొర్రాకి ఎక్కువ సమయం కేటాయించండి. ఉదయం పదికి తెరుస్తారు, మధ్యాహ్నం ఒక గంట విరామం, సాయంత్రం ఐదుకి మూసేస్తారు. మధ్యాహ్నం మూడు తర్వాత ప్యాకేజీ బస్సులన్నీ అక్కడే ఉంటాయి, మెట్ల మీద నిలబడే చోటు దొరకదు. దిగే రోజు పొద్దునే అరకు నుంచి బయలుదేరి పదికి కౌంటర్ దగ్గర ఉండాలి. లోపల పైనుంచి నీళ్ళు కారుతూ మెట్లు తడిగా, జారుడుగా ఉంటాయి, స్ట్రోలర్ పనికిరాదు. రెండేళ్ళ లోపు బిడ్డని గుడ్డతోనో బెల్ట్ క్యారియర్‌తోనో ముందు కట్టుకోవాలి, రెండు చేతులూ రెయిలింగ్‌కి ఖాళీగా ఉండాలి. చెప్పులు కాదు, పట్టుండే బూట్లు. గబ్బిలాల వాసనకీ, చీకటికీ మూడు నాలుగేళ్ళ పిల్లలు ముందు బెదురుతారు. ఒక చిన్న టార్చి వాళ్ళ చేతికే ఇస్తే రాళ్ళ మీద ఏనుగు, శివుడు, పుట్టగొడుగు వెతకడం మొదలుపెడతారు. పైన శివలింగం దాకా ఇనుప మెట్లున్నాయి, నిట్టనిలువు, సన్నం. పెద్దవాళ్ళు వంతులవారీగా వెళ్ళి రండి, బిడ్డతో వద్దు. బయట కోతులు బిస్కెట్ ప్యాకెట్ చూస్తే వదలవు, పిల్లల చేతికి తినుబండారం కారెక్కాకే. బొర్రా నుంచి కటికి జలపాతానికి రమ్మని జీపువాళ్ళు వెంటపడతారు. రాళ్ళ దారి, ఎగుడుదిగుళ్ళు, ఆపైన నడక. ఈ వయసు పిల్లలతో మొహమాటపడకుండా వద్దనేయండి.

పద్మాపురంలో టాయ్ ట్రైన్ ఉంది, ఒక గంట హాయిగా గడుస్తుంది. గిరిజన మ్యూజియంలో బొమ్మలు పిల్లలకి నచ్చుతాయి. దగ్గర్లోని కాఫీ మ్యూజియంలో చాక్లెట్ పూసిన కాఫీ గింజలు అమ్ముతారు. సాయంత్రం అవి గుప్పెడు తిన్న పిల్లాడు రాత్రి పన్నెండైనా పడుకోడు. కొనుక్కోండి, ఇంటికెళ్ళాక మీరు తినండి.

చాపరాయి దగ్గర బండ మీద పారే నీళ్ళలో జారడం పిల్లలకి ఇష్టమే. ముప్పంతా పాచి పట్టిన బండల దగ్గరే ఉంది, అవి నల్లగా, మెరుస్తూ కనపడతాయి. మడమ లోతు నీళ్ళలో కూర్చోబెట్టాలి, దిగువ మడుగుల వైపు వెళ్ళనివ్వొద్దు. పైన వాన పడితే ఇక్కడ ఎండగా ఉన్నా నీళ్ళు ఒక్కసారిగా పెరుగుతాయి. వానాకాలంలో గట్టు మీంచి చూసి వచ్చేయాలి. బట్టలు మార్చుకునే గదులు శుభ్రంగా ఉంటాయని అనుకోవద్దు, కారే దిక్కు.

నవంబర్‌లో వెళ్తే దారి పొడవునా చేలల్లో వలిసె (నూనెగింజల పంట) పూలు పసుపుపచ్చగా విరగబూసి ఉంటాయి. ఫోటో కోసం చేలో దిగితే రైతుకి కొంత ఇవ్వడం అక్కడ మామూలే.

బొంగులో చికెన్ రోడ్డు పక్కన అడగ్గానే తీసిచ్చేదాన్ని కొనొద్దు. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, ఆకు బిరడా పెట్టి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చడానికి ముప్పావుగంట దాకా పడుతుంది. మీ ముందు కొత్త బొంగు పెట్టమనండి. పిల్లలకి కారం ఎక్కువ, పెరుగన్నం డబ్బా వెంట ఉండాలి.

దిగే రోజు బొర్రా పన్నెండుకి ముగిస్తే, డముకు వ్యూపాయింట్ దగ్గర ఒకసారి ఆగి, ఎస్.కోటలో భోజనం చేసి, ఐదు లోపు విశాఖలో ఉంటారు. రాత్రి ఎనిమిది దాటాక బయలుదేరే బండికి టికెట్ తీసుకుంటే స్టేషన్ దగ్గర గంటల లెక్కన దొరికే గదిలో పిల్లలకి స్నానం చేయించి, అన్నం పెట్టి ఎక్కించవచ్చు.