వైజాగ్ కాలనీలో రాత్రి చేపల వేట: పుట్టి మీద ఆనందం, లాడ్జిలో నరకం

వైజాగ్ కాలనీ అంటే విశాఖలో కాదు, నల్గొండ జిల్లాలో దేవరకొండ వైపు, నాగార్జునసాగర్ వెనుక జలాల ఒడ్డున ఉన్న ఊరు. బస దేవరకొండలో. ముందు లాడ్జి సంగతి. ఫోన్‌లో 1,200 అన్నారు. దేవరకొండలో దిగాక శని, ఆదివారాల రేటు వేరంటూ 1,800 గుంజారు. సరే అనుకున్నాం. రాత్రి పదిన్నరకు చేపల వాసనతో తిరిగొస్తే కుళాయిలో చుక్క నీళ్లు లేవు. అడిగితే కౌంటర్‌లో కుర్రాడు, "మోటర్ పొద్దున్నే వేస్తాం సార్" అని దుప్పటి కప్పుకున్నాడు. ఒక్క బకెట్ కూడా ఇవ్వలేదు. బస మాట్లాడుకునేటప్పుడు రేటు వాట్సాప్‌లో రాయించుకోండి, నీళ్ల సంగతి గట్టిగా అడగండి.

ఇక ఆ సాయంత్రం! నాగార్జునసాగర్ కట్టాక విశాఖ తీరం నుంచి వచ్చి ఈ వెనుక జలాల ఒడ్డున స్థిరపడ్డ మత్స్యకారుల ఊరు వైజాగ్ కాలనీ. మమ్మల్ని తీసుకెళ్లిన తాత వాళ్ల నాన్న సముద్రంలో తెప్ప మీద వేటాడేవాడట. తాతది ఫైబర్ పుట్టి, అంటే గుండ్రటి చిన్న పడవ. నాకూ మా బావమరిదికీ కలిపి 800 అన్నాడు, బేరం ఆడలేదు. లైఫ్ జాకెట్లు వేసుకునేదాకా తెడ్డు ముట్టలేదు.

పొద్దు గుంకుతుండగా వల దించాడు. ఒక కొసకు రాయి, పైన తేలడానికి ఖాళీ ప్లాస్టిక్ సీసాలు, రెండో కొసకు మినుకుమినుకుమనే చిన్న లైటు. చీకట్లో వేరే పడవ వల మీదకు ఎక్కకుండా ఆ లైటు. వెన్నెల ఉంటే చేప వలను పసిగడుతుందట, అందుకే అమావాస్య రోజులు మంచివన్నాడు. మా బావమరిదికి ఈత రాదు. పుట్టి గిరగిరా తిరిగినప్పుడల్లా అంచు పట్టుకుని టెన్షన్ పడ్డాడు. మొదటి జెల్ల చేప వలలో మెరవగానే "తాతా, నేను లాగుతా" అని ముందుకు జరిగాడు! తాత చెయ్యి అడ్డం పెట్టి, జెల్ల ముల్లు గుచ్చుకుంటే రాత్రంతా సలుపుతుందని, రెక్కల వెనక పట్టుకుని ఎలా విడిపించాలో చూపించాడు. గాలి లేవగానే మిగతా వల పొద్దున తీసుకుంటానని ఒడ్డుకు తిప్పేశాడు. ఆ జాగ్రత్తకే ఇంకో వంద ఇవ్వాలనిపించింది, ఇచ్చాం.

రెండు కిలోల బొచ్చె చేప కిలో 180 చొప్పున కొన్నాం. వాళ్లింట్లోనే వేపుడు, అన్నం, పులుసు, మనిషికి 150. ఉల్లిపాయ ముక్క కూడా అడగకుండానే పెట్టారు.

వానాకాలం మొదట్లో చేపలు గుడ్లు పెడతాయి, అప్పుడు వేటకు తీసుకెళ్లమని ఎవర్నీ బలవంతపెట్టకండి. చలికాలం మేలు. స్వెటర్, టార్చి, చిల్లర డబ్బులు దగ్గర ఉంచుకోండి.