అమ్మమ్మ కంటెతో హనుమకొండ, రామప్ప, కరీంనగర్

బంగారం సంచిలో పెట్టుకుని ఊళ్ళు తిరగొద్దని చిన్నపిల్లలకు కూడా తెలుసు. మేం తిరిగాం. అమ్మమ్మ సంవత్సరీకం అయ్యాక ఆమె కంటె, అంటే మెడలో వేసుకునే బంగారు కడ్డీ, ఏం చేద్దామన్న మాట వచ్చింది. కూతుళ్ళు ముగ్గురు, కంటె ఒక్కటి. కరిగించి మూడు జతల గాజులు చేయిద్దామని చిన్నమ్మ అంది. అమ్మకు కరిగించడం ఇష్టం లేదు, ఏం చేయించినా ఆ కంటె చేసిన కరీంనగర్ ఔసలాయన (కంసాలి) ఇంట్లోనే చేయించాలని పట్టు. మీరిద్దరూ ఏదంటే అదే అని పెద్దమ్మ. కంటె ఉన్నది హనుమకొండలో, చిన్నమ్మ లాకర్‌లో. తెచ్చుకుని కరీంనగర్ పోవడానికి ఒక్క రోజు చాలు గానీ, లీవు దొరకడమే గొప్ప కాబట్టి నేను దాన్ని నాలుగు రోజులు చేసి పెంబర్తి, ఓరుగల్లు కోట, రామప్ప కూడా కలిపాను. చిన్నమ్మ వాళ్ళింట్లో రంగులు వేస్తున్నారు, పడుకోవడానికి చోటు లేదు. "ఇంట్ల పనోళ్ళు తిరుగుతున్నరే, మీ దగ్గర్నే ఉండనీ" అని మొదటి రోజు సాయంత్రమే కంటె మా చేతిలో పెట్టేసింది. అందుకని ఇక్కడ హోటళ్ళకు నేనిచ్చే మార్కులు కొంచెం వేరేగా ఉంటాయి. ఏసీ, వైఫై సంగతి తర్వాత, ముందు తలుపు గడియ సరిగ్గా పడుతుందా లేదా అన్నదే.

ఉప్పల్ నుంచి కారు మాట్లాడుకుని పొద్దున ఆరింటికి బయల్దేరాం. పెంబర్తి జనగామకు కాస్త ముందు, హైవే పక్కనే. వరంగల్ పోయేవాళ్ళలో నూటికి తొంభై మంది టిఫిన్‌కు తప్ప ఇంకెక్కడా ఆగరు. మీరు మాత్రం ఆగండి. ఇత్తడి, రాగి, వెండి రేకుల మీద బొమ్మలు తేల్చే పని ఆ ఊరిది. ధ్వజస్తంభాల తొడుగులు, మకర తోరణాలు, కలశాలు ఇక్కడ చేయించుకుని పోతారు. మేం వెళ్ళిన ఇంట్లో ఒకాయన ఏదో ఊరి ఎల్లమ్మకు వెండి కిరీటం చేస్తున్నాడు. రేకు కింద లక్క పోసి, అది గట్టిపడ్డాక పైనుంచి సన్నటి ఉలి పెట్టి చిన్న సుత్తెతో టక్ టక్‌మని కొడుతుంటే రేకు లోపలికి దిగుతుంది తప్ప చినగదు. ఒక్క నెమలి కన్నుకే ఆయన ఇరవై దెబ్బలు కొట్టాడు, నేను లెక్కపెట్టాను. పని అయ్యాక వేడి చేసి లక్క వదిలిస్తారట. కొనమని ఎవరూ వెంటపడలేదు, ఫొటో తీసుకోవచ్చా అంటే పని ఆపకుండానే తలూపాడు. చిన్న దీపపు పళ్ళెం ఒకటి కొన్నాం, బేరం ఆడబుద్ధి కాలేదు.

హనుమకొండలో దిగిన లాడ్జి ఆన్‌లైన్ ఫొటోల్లో ఒకలా, ఎదురుగా ఇంకొకలా ఉంది. దుప్పట్లు శుభ్రం, వేడినీళ్ళు పొద్దున ఏడు వరకే. అలమారాకు తాళం ఉంది, తాళంచెవి లేదు. రిసెప్షన్‌లో అడిగితే "ఏం కాదు మేడం, మా దగ్గర ఏం పోవు" అన్నాడు. ఏముందో చెప్పలేం, చెప్పకుండా ఎంతసేపని వాదిస్తాం! ఆ రాత్రి కంటె దిండు గలీబులో, దిండు మీద అమ్మ తల, అమ్మకు నిద్ర లేదు, అమ్మ దొర్లుతుంటే నాకూ లేదు. రెండో రోజు పొద్దున్నే ఎదురు సందులో ఇంకో హోటల్‌కు మారాం. మూడొందలు ఎక్కువ, కానీ బీరువాలో నంబర్ లాకర్ ఉంది. బుక్ చేసే ముందు ఫోన్ చేసి ఈ ఒక్క ముక్క అడగండి.

లాడ్జికి పోకముందు చిన్నమ్మ ఇంట్లో, రంగుల వాసన మధ్యే, సర్వపిండి తింటూ పెద్ద చర్చ నడిచింది. కరిగించొద్దని అమ్మకు సాయంగా మాట్లాడదామని నేను నిజాం కథ ఎత్తాను, అది నాకే ఎదురు తిరిగింది. 1947లో, తర్వాత బ్రిటన్ రాణి అయిన ఎలిజబెత్ పెళ్ళికి ఏడో నిజాం, నీకు నచ్చింది ఎంచుకో అని లండన్‌లో కార్టియర్ నగల షాపుకు పంపితే ఆమె ఒక వజ్రాల హారం, ఒక టియారా తీసుకుంది. టియారా అంటే మన కిరీటంలా తల చుట్టూ ఉండేది కాదు, జుట్టు మీద ముందు వైపు నిలబెట్టే అర్ధచంద్రం లాంటి పట్టీ. మన రాజులకు ఆ స్థానంలో తలపాగాకు గుచ్చుకునే సర్పేచ్ ఉండేది. హారం అలాగే ఉంది, దాని పేరే నిజాం ఆఫ్ హైదరాబాద్ నెక్లెస్, 2014లో మనవడి భార్య కేట్ కూడా పెట్టుకుంది. టియారాను మాత్రం 1973లో విప్పించేసి, ఆ వజ్రాలకు పెళ్ళప్పుడు బర్మా వాళ్ళిచ్చిన 96 కెంపులు కలిపి కొత్త టియారా చేయించుకుంది. పాతదాంట్లో గులాబీ పూలు మాత్రం బ్రోచ్‌లుగా, అంటే బట్టకు గుచ్చుకునే నగలుగా, మిగిలాయి.

చిన్నమ్మ పళ్ళెం కింద పెట్టి అంది, "చూసినవా, రాణి అసుంటిదే ఇప్పి కొత్తది చేపిచ్చుకున్నది. మనం చేపిస్తే తప్పా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. మన నిజాం నగల్నే తీసుకోండి, 1995లో కేంద్ర ప్రభుత్వం 173 నగలు 218 కోట్లకు కొన్నది. అవి చెక్కు చెదరకుండా ఉన్నాయి, ఎందుకంటే పెట్టుకునే మెడ లేదు. రిజర్వ్ బ్యాంకు ఖజానాలో ఉంటాయి, ఎప్పుడో ఒకసారి సాలార్‌జంగ్ మ్యూజియంలో చూపిస్తారు. ఆరో నిజాం బూటులో దాచిన జాకబ్ వజ్రం వాటిలోదే, 184.75 క్యారెట్లు. కొడుకు దాన్ని కాగితాల మీద బరువుకు వాడాడు.

రెండో రోజు వేయిస్తంభాల గుడి, కోట, భద్రకాళి. వేయిస్తంభాల గుడి 1163 నాటిది, కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించింది. పక్కనున్న కల్యాణ మంటపాన్ని రాయి రాయి విప్పి, మళ్ళీ పేర్చి 2024లో తెరిచారు. ఊరి మధ్యలో ఉంది కాబట్టి పొద్దున్నే వెళ్ళండి, తొమ్మిది దాటితే పార్కింగ్ గొడవ.

కోటలో నాలుగు తోరణాల మధ్య నిలబడితే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. అక్కడ గుడి నేలమట్టమై నాలుగు వైపులా ద్వారాలు మాత్రం మిగలడమే విచిత్రం. గైడ్ కుర్రాడు ఉత్సాహవంతుడు, కోహినూర్ భద్రకాళి అమ్మవారి కన్ను అని, ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ పీక్కుపోయాడని ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. కథ బాగుంటుంది, వరంగల్‌లో ఆటో ఎక్కినా ఇదే చెప్తారు. కానీ కచ్చితంగా ఆ వజ్రం ఇదేనని చెప్పగల రాతలు 1739లో నాదిర్షా ఢిల్లీని దోచినప్పటి నుంచే దొరుకుతాయి. అంతకు ముందుదంతా ఊహ మీద నడుస్తుంది. అలాగని ఓరుగల్లు సొమ్ము కట్టుకథ కాదు. రుద్రమదేవి కాలపు మోటుపల్లి రేవు గురించి రాస్తూ మార్కోపోలో వజ్రాలు దొరికే తీరు చెప్పాడు. లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే వాటికి వజ్రాలు అంటుకుంటాయట, గద్దలు ఎత్తుకొస్తాయట. నమ్మినా నమ్మకపోయినా, వజ్రాల పేరు అంత దూరం పాకింది. 1310లో ప్రతాపరుద్రుడు కాఫూర్‌తో సంధి చేసుకున్నప్పుడు పోయిన సొమ్ము వెయ్యి ఒంటెలకు ఎత్తారని ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో రాశాడు. మెడకు గొలుసు వేసిన తన బంగారు బొమ్మ ఒకటి రాజు పంపాడని కూడా అప్పటి రాతల్లో ఉంది. అమ్మకు కోహినూర్ కన్నా ఈ బొమ్మే ఎక్కువ గుచ్చుకుంది. "గొలుసేసి పంపిండా, పాపం" అని ఆ పూటంతా అదే.

కోహినూర్ తర్వాతి కథ మాత్రం కాగితాల మీదే ఉంది. 1849లో పంజాబ్ రాజు, పదేళ్ళ దులీప్ సింగ్‌తో సంతకం పెట్టించుకుని ఇంగ్లీషువాళ్ళు తీసుకుపోయారు. 1851లో లండన్ ఎగ్జిబిషన్‌లో పెడితే మెరవడం లేదని జనం పెదవి విరిచారు, మరుసటి ఏడు సాన పట్టించి 186 క్యారెట్ల రాయిని 105.6కు దించారు. అంటే మనవాళ్ళు తిరిగి ఇవ్వమని అడుగుతున్నది కూడా పోయిన రాయి కాదు, అందులో మిగిలిన ముక్క. విక్టోరియా దాన్ని బ్రోచ్‌లో, టియారాలో పెట్టుకుంది, తర్వాత వరసగా ముగ్గురు రాణుల కిరీటాలు మారింది. 2023లో కమిల్లా మేరీ రాణి కిరీటమే పెట్టుకుంది గానీ, ఈ రాయి లేకుండా.

భద్రకాళి గుడిలో దర్శనం సాఫీగా అయింది, చెరువు గట్టు మీద సాయంత్రం గాలి బాగుంటుంది. అమ్మవారి కళ్ళ వైపు చూడకుండా ఉండలేకపోయాను, గైడ్ మాట అంత పని చేసింది.

మూడో రోజు రామప్ప. హనుమకొండ నుంచి ములుగు మీదుగా డెబ్బై కిలోమీటర్లకు కాస్త తక్కువ, రోడ్డు బాగుంది. కారు డ్రైవర్‌తో ఇక్కడే చిరాకు. ముందు రోజు మాట్లాడుకున్నప్పుడు లేని వెయిటింగ్ చార్జీ, గుడి ఉన్న ఊరు పాలంపేట చేరాక పుట్టుకొచ్చింది, గంటకు ఇంత అని. మీరు వెళ్తే అన్నీ మెసేజ్‌లో రాయించుకోండి. గుడి దగ్గర తిండి పెద్దగా ఏమీ లేదు, మక్క కంకులు, టీ, చిప్స్. సర్వపిండి కట్టుకుపోయాం కాబట్టి బతికిపోయాం. రెండు గంటలు చాలని అందరూ అంటారు, మాకు నాలుగు పట్టాయి.

ఎందుకంటే అమ్మ మదనికల దగ్గర ఆగిపోయింది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, ఇసుక పునాది గురించి, నీళ్ళలో తేలే ఇటుకల గురించి ఇప్పుడు అందరికీ తెలుసు. మేం చూసింది నగలు. చూరు కింద ఏటవాలుగా నిలబెట్టిన నల్లరాతి ఆడబొమ్మల ఒంటి మీద లేని నగ లేదు. మెడకు అతుక్కుని ఒకటి, దాని కింద వరసలు వరసలుగా హారాలు, దండ కడియాలు, మొలనూలు నుంచి తొడల మీదికి జారే గొలుసులు, కాళ్ళకు అందెలు. నాట్యం చేస్తున్న బొమ్మ ఒంగినవైపు హారం కూడా పక్కకు జరిగి ఉంటుంది, చెక్కినాయన బంగారం బరువు తెలిసినవాడు. లోపల స్తంభాల మీద చెక్కిన సన్నటి రంధ్రాల్లోంచి గైడ్ సూది దూర్చి చూపించాడు. ఒక బొమ్మ మెడలో సరిగ్గా అమ్మమ్మ కంటె లాంటిదే ఉంది. లావుపాటి కడ్డీ, మెడ చుట్టూ వంపు. అమ్మ బ్యాగు జిప్పు మీద చెయ్యి వేసుకుని పైకి చూస్తూ, "కాకతీయుల బంగారమంత పోయిందంటరు గని, గిదంత ఈడనే ఉన్నది కదనే" అంది. "దీన్నెవడు కరిగిస్తడు?"

మెడ నొప్పి పుట్టేదాకా చూశాం. బైనాక్యులర్ ఉంటే తీసుకెళ్ళండి, లేకపోతే ఫోన్ జూమ్.

చీకటి పడకముందే మేడారం కూడా చూసొచ్చాం. జాతర లేని రోజు, గద్దెల దగ్గర పదిమంది కూడా లేరు. ఇక్కడ బంగారమంటే బెల్లం. ఎత్తు బంగారం మొక్కుకున్నవాళ్ళు ఒంటి బరువుకు సరిపడా బెల్లం తూచి ఇస్తారు. రెండు కిలోల బంగారం కొని చెల్లించాం. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చేది కుంకుమ భరిణె రూపంలో. లక్నవరం చెరువుకు పోదామనుకున్నాం గానీ వెయిటింగ్ మీటరు తిరుగుతోంది, మానేశాం.

నాలుగో రోజు కారు వదిలేసి హనుమకొండ బస్టాండ్ నుంచి కరీంనగర్ బస్సు. రెండు గంటల లోపే. నిజం చెప్పాలంటే కారు కన్నా ఇదే హాయిగా ఉంది, వాదన లేదు. కరీంనగర్‌లో ముందు వెండి తీగ పని చూశాం. వెండిని వెంట్రుక అంత సన్నటి తీగలుగా లాగి, రెండు తీగలు మెలిపెట్టి, అణిచి, చుట్టలు చుట్టి ఒక చట్రంలో పేర్చి అతుకుతారు. 2007లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. అత్తరు దానీలు, పాన్‌దాన్లు ఎక్కువ. ఒకప్పుడు ఎలగందుల నుంచి వచ్చిన విద్య అని అక్కడివాళ్ళు చెప్తారు. చిన్న కుంకుమ భరిణె కొన్నాను. తూకం మీద ధర, పని కూలీ వేరే, రెండూ బిల్లులో విడిగా రాసిచ్చారు, అది నచ్చింది. అదే బజార్లో ఇంకో పెద్ద షాపులో ఊరికే కంటె విలువ అడిగితే, చూసీ చూడకముందే తరుగు తీసేసి ఎక్స్చేంజ్ చేసుకోమని కూల్‌డ్రింక్ కూడా తెప్పించాడు. తాగి వచ్చేశాం.

ఔసలాయన ఇంటి అరుగు మీదే పని. కంటె చేసింది వాళ్ళ నాయన. ముందు గీటురాయి మీద గీసి చూశాడు, తర్వాత తూచాడు. యాభై ఏడు గ్రాముల తొమ్మిది వందల మిల్లీ. అమ్మ తెల్లబోయింది, "మా అమ్మ ఐదు తులాలని చెప్పింది కదా తమ్మీ, ఇది ఆరు తులాలకు దగ్గరున్నది?"

"అప్పటి తులం పదకొండు గ్రాముల అరవై ఆరు పాయింట్లక్కా, ఇప్పటిది పది. ఐదంటే యాభై ఎనిమిదీ మూడొందలుండాలె. మీ అమ్మ అబద్ధం చెప్పలె. ఆ నాలుగొందల మిల్లీ మీ అమ్మ మెడకే అరిగింది."

కరిగించమంటే కరిగిస్తానన్నాడు. కానీ మూడు జతల గాజులంటే మూడు మజూర్లు, పాత అతుకుల బంగారం శుద్ధి చేస్తే ఇంకొంత పోతుంది, వెనక కొక్కెం ఒక్కటే వదులైంది, అది బిగిస్తే ఇంకో యాభై ఏళ్ళు చూడక్కర్లేదన్నాడు. తనకు వచ్చే పని తనే వద్దనుకున్న మనిషిని ఈ ప్రయాణంలో ఈయన్నే చూశాను. అమ్మ రామప్ప ఫొటో తీసి ఆయనకు చూపించింది. ఆయన రెండు వేళ్ళతో పెద్దది చేసి, కంటె వైపు చూసి, మళ్ళీ ఫొటో చూసి, "కొక్కెం ఎటున్నదో కనవడ్తలేదు" అన్నాడు.

ఫోన్ స్పీకర్‌లో పెట్టి ముగ్గురూ అరగంట మాట్లాడుకున్నారు. చివరికి ఉగాది నుంచి ఉగాదికి ఒకరి దగ్గర అని తేలింది. మీరిద్దరూ ఏదంటే అదే అన్న పెద్దమ్మ అప్పుడు నోరు విప్పింది, "అయితే మొదటి ఏడు నాకు."

కొక్కెం బిగించడానికి ఆరువందలు తీసుకున్నాడు. పెద్దమ్మ ఇల్లు సికింద్రాబాద్‌లో. సంచిలో కన్నా మెడలోనే భద్రమని అమ్మ కంటె పెట్టుకుని, చుట్టూ కొంగు కప్పుకుని జేబీఎస్ ఎక్స్‌ప్రెస్ ఎక్కింది. కిటికీ పక్క సీటు దొరికింది, ఎండ మాత్రం అటే. కండక్టర్ ఆధార్ కార్డులు చూసి ఇద్దరికీ చెరొక జీరో టికెట్ చింపి ఇచ్చాడు. అమ్మ దాన్ని మడిచి, భరిణెలో పెట్టమని నాకిచ్చింది.